మెడకు రోజూ పది నిమిషాలు
(దుర్గ్ శాఖ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేనేజరు గారు ఆరోగ్యం మీద కాసేపు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఆరేళ్లు మెడనొప్పితో బాధపడినవాణ్ణి. ఆ అనుభవంతో, చదివి తెలుసుకున్న దానితో నాలుగు మాటలు చెబుతాను.

మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయ్ స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో పనిచేశారు. అంత వేడిలో బతుకంతా గడిపిన మనిషికి, ఏసీ గదిలో కూర్చునే కొడుకు మెడ పట్టేసిందంటే నవ్వొచ్చేది. నేనూ తేలిగ్గానే తీసుకున్నాను. ఒక సాయంత్రం అమ్మాయిని స్కూటరు మీద ఎక్కించుకుని, జి.ఇ. రోడ్డులో సుపేలా దగ్గర కుడివైపు తిరగబోయాను. వెనక్కి చూద్దామంటే మెడ తిరగలేదు. ఒక లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. “నాన్నా, చూసుకోలేదా?” అంది అమ్మాయి. ఏం చెప్పాలో తెలియలేదు.

అప్పటిదాకా నా వైద్యం ఏమిటంటే, సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ టక్కున విరిపించుకోవడం. దయచేసి మీరెవరూ ఆ పని చేయకండి. అలా ఒక్కసారిగా మెలితిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అరుదే అయినా ప్రమాదం ప్రమాదమే.

డాక్టరు పరీక్షించి, నరాల మీద ఒత్తిడి లేదని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి వారానికి రెండుసార్లు చేతులతో మెడ కీళ్లను నెమ్మదిగా కదిలించి, బిగిసిన కండరాలను వదులు చేసేది. దీన్నే మాన్యువల్ థెరపీ అంటారు. బయటికొచ్చేసరికి ప్రాణం లేచొచ్చేది. రెండు రోజులు కౌంటర్లో కూర్చుంటే మళ్లీ మొదటికే. ఆమె వ్యాయామాలు రాసిచ్చిన కాగితం మాత్రం నా డ్రాయర్లోనే ఉండేది. ఒకరోజు ఆమె హిందీలో అంది: “సార్, నా చేతులు మీకు వారానికి రెండుసార్లే దొరుకుతాయి. మీ మెడ రోజంతా పనిచేయాలి కదా!”

తర్వాత చదివితే ఆమె మాట నిజమేనని తెలిసింది. దీర్ఘకాల మెడనొప్పి ఉన్న 191 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. 11 వారాల చికిత్స తర్వాత ఏడాదిపాటు గమనిస్తే, చేతి చికిత్స మాత్రమే పొందినవారికన్నా వ్యాయామం చేసినవారే మెరుగ్గా ఉన్నారు. 2003లో వచ్చిన ఫిన్లాండ్ అధ్యయనం మనకు మరీ దగ్గరిది. అందులో పాల్గొన్న 180 మందీ ఆఫీసుల్లో పనిచేసే మహిళలే. మెడ కండరాలను బలపరిచే వ్యాయామం చేసినవారిలో, ఏడాదికి 73 శాతం మంది నొప్పి బాగా తగ్గిందనో పూర్తిగా పోయిందనో చెప్పారు. నడక, సాగదీత వంటివి చేసుకోమన్న సలహాతో సరిపెట్టినవారిలో ఆ మాట అన్నది 21 శాతమే.

అలాగని చేతి చికిత్స వృథా అనుకోవద్దు. నొప్పితో మెడ కదపలేనివాడు వ్యాయామం ఎలా మొదలుపెడతాడు? ఆ మొదటి ఊరట నాకు ఆమె చేతులే ఇచ్చాయి. మన భాషలో చెప్పాలంటే అది ఓవర్‌డ్రాఫ్టు, అవసరానికి ఆదుకుంటుంది. వ్యాయామం రికరింగ్ డిపాజిట్. వాయిదాలు మానేస్తే అనుకున్నంత చేతికి రాదు.

నా వాయిదా రోజుకు పది నిమిషాలు. నిటారుగా కూర్చుని గడ్డాన్ని లోపలికి లాగి ఐదు సెకన్లు ఉంచడం, పదిసార్లు. అరచేతిని నుదుటికి, పక్కలకి, తల వెనక్కి ఆనించి, తల కదలకుండా మెల్లగా ఎదురు నొక్కడం. భుజాల వెనక ఎముకలను దగ్గరికి తేవడం. మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు, మానేద్దామనుకున్నాను. రెండో నెలలో తెలిసింది.

ఒక హెచ్చరిక. చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం, జ్వరం, లేదా దెబ్బ తగిలాక నొప్పి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ వ్యాయామాలు ఆ తర్వాతే.

ఇప్పుడు సుపేలా దగ్గర మెడ తిప్పి, వెనక్కి చూసే మలుపు తిరుగుతున్నాను. అమ్మాయి వెనక కూర్చుని నవ్వుతుంది.

మాటలు చాలు. అందరూ నిటారుగా కూర్చోండి. గడ్డం లోపలికి... ఒకటి, రెండు, మూడు...