ముడుపు కట్టాల్సిన చదువు



కడుపుతో ఉన్న కూతురికో కోడలికో డాక్టరమ్మ రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మనందరికీ తెలిసిందే. ఆ మాత్ర వెనక మన భీమవరంలో పుట్టిన ఒక బీద కుర్రవాడున్నాడని ఎంతమందికి తెలుసు? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకున్న మనిషి, చివరికి మద్రాసులో వైద్యం చదివారు. 1920ల మొదట్లో అమెరికా ప్రయాణానికి మామగారు డబ్బు కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంటామని మాట ఇచ్చింది. బర్మాలో సంపాదించిన ఒక పుణ్యాత్ముడు ధర్మానికి రాసిపెట్టిన ఆస్తి అది. అంత అండ ఉన్నా, అక్కడ ఆసుపత్రిలో రాత్రిళ్ళు చాకిరీ చేస్తేగాని ఆయనకు రోజులు గడవలేదు. 1945లో ఆయన నడిపిన శాస్త్రజ్ఞుల బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది.

విద్యాదానం మనకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదివిన తాతగార్ల కథలు మన ఇళ్ళల్లో వింటూనే ఉంటాం. ఏడిళ్ళ ఇల్లాళ్ళు రోజుకొకరు అన్నం పెడితే ఒక పిల్లవాడి చదువు సాగేది. అయితే నిజం చెప్పుకోవాలి. ఆ ముద్ద అన్ని కులాల పిల్లలకూ అందలేదు. ఆడపిల్లకైతే అసలే అందలేదు.

తరవాత తరవాత దైవం పేరిట పెద్ద ఏర్పాట్లే జరిగాయి. మద్రాసు మైలాపూరులో 1905లో రామకృష్ణ మిషన్ వారి విద్యార్థి వసతిగృహం మొదలైంది. తిరుపతిలో దేవస్థానం వారు 1945లో కళాశాల, 1952లో ఆడపిల్లలకు పద్మావతి కళాశాల పెట్టారు. క్రైస్తవ సోదరీమణులు దశమభాగం తీస్తారు. ముస్లిం సోదరీమణులు దాచుకున్న దానిలో నూటికి రెండున్నర వంతు జకాత్ ఇస్తారు. అందులోంచి ఎందరో బీదపిల్లలకు పుస్తకాలూ ఫీజులూ సమకూరుతున్నాయి.

మరి లోపం ఎక్కడ? మా వీధిలో ఇస్త్రీబండి ఆమె కూతురికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఉత్సవాల్లో ఒక భక్త సంఘం వారు ఆ పిల్లకు శాలువా కప్పి, మొదటి ఏడాది ఫీజు చెక్కు చేతికిచ్చి ఫొటో తీయించారు. రెండో ఏడాది అడిగిన నాథుడు లేడు. మెస్సు బాకీ పడింది, పరీక్ష ఫీజు గడువు దాటింది. మాకు తెలిసేసరికి పరీక్షలే అయిపోయాయి. "మళ్ళీ అడగాలంటే సిగ్గేసిందండీ" అంది ఆ పిల్ల. బంగారంలాంటి ఏడాది పోయింది.

అప్పుడు మేం అయిదుగురం ఒక ముడుపు డబ్బా పెట్టుకున్నాం. నెలకింత అని వేస్తాం. పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో కేలండర్‌లో, పాలలెక్క పక్కనే రాసుకుంటాం. డబ్బు కాలేజీలోనే కట్టి రసీదు తెచ్చుకుంటాం. శాలువాలు లేవు, ఫొటోలు లేవు. ఆ పిల్ల ఇప్పుడు ఆఖరి ఏడాదికొచ్చింది.

ప్రభుత్వం ఫీజు ఇచ్చినా బస్సు చార్జీలు, పుస్తకాలు, మెస్సు ఖర్చు మిగిలే ఉంటాయి. చదువు ఆగేది తరచు అక్కడే.

దేవుడికి మొక్కుకున్న మొక్కు సగంలో వదిలేస్తామా? వదలం. తీరేదాకా మనసు కుదుటపడదు. బీదపిల్ల చదువు కూడా అలాంటి మొక్కే అనుకుందాం. పట్టా చేతికొచ్చిన రోజే అది తీరినట్టు.