అటక మీది క్యాసెట్లు



1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. ఆదివారం పొద్దున డ్యూటీ పడితే చూసే యోగం లేదు. ఆ బాధ పడలేక సొసైటీ లోను పెట్టి వి.సి.ఆర్. కొన్నాను. మూడు గంటల క్యాసెట్ పెట్టి, టైమర్ తిప్పి డ్యూటీకి పోయేవాణ్ణి. మధ్యలో కరెంటు పోయిందా, ఆ వారం రాముడు మా ఇంటికి రానట్టే!

క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండేది. దాన్ని విరిచేస్తే మళ్లీ రికార్డు కాదు. మా అమ్మాయి పెళ్లి క్యాసెట్‌కు నేను విరవలేదు. చివర ఖాళీ ఉందనుకుని 1996 మార్చి 9న బెంగుళూరులో జరిగిన భారత్-పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్ దాని మీద ఎక్కించాను. మనవాళ్లు 39 పరుగులతో గెలిచారు. అప్పగింతలు పోయాయి. మా అమ్మ గొంతు ఉన్నది అందులోనే. మిగతా పెళ్లిలో అమ్మ కనిపిస్తుంది గాని, వీడియో అతను పైన సినిమా పాటలు పెట్టాడు.

తర్వాత సెట్‌టాప్ బాక్సు వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసుకున్నవి ఆ బాక్సులోనే ఆడతాయట. బాక్సు కాలిపోయింది, అవీ పోయాయి.

జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. మీ క్యాసెట్ల మీద తెల్లగా బూజు కనిపిస్తే తొందరపడి ఆడించకండి, హెడ్ పాడవుతుంది. ముందు శుభ్రం చేయించండి. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట క్యాసెట్‌కు గంటా పడుతుంది.

పనిచేసే వి.సి.ఆర్. ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి. సెలవు.