బోర్లించిన కూజా



మేష్టారి పేరిట మాట్లాడమని పిలిచినందుకు ట్రస్టువారికి కృతజ్ఞుణ్ణి. ఆయన పాండిత్యం సంగతి ఇంతకుముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. చైనా హాన్ వంశకాలపు మట్టిపాత్రల మీద బెర్తోల్డ్ లౌఫర్ 1909లో వేసిన పుస్తకం నా దగ్గర పట్టుకెళ్లి, పదకొండేళ్లకు తిరిగిచ్చారు. చైనా కుమ్మరికి గ్లేజు విద్య పడమటి నుంచి వచ్చిందని లౌఫర్ వాదించిన చోట, అంచున పెన్సిలుతో “నిజమే” అని రాసి ఉంది. నేటి ఉపన్యాసం ఆ ఒక్క మాటకు జవాబు.

తెర మీద ఉన్న ఆకుపచ్చ కూజా ‘హు’. కంచు మద్యపాత్రకు మట్టి నకలు, భుజాన మృగముఖాలు, సమాధిలో దొరకడం: ఇవన్నీ ఏ మ్యూజియం చీటీలోనైనా ఉంటాయి, వదిలేద్దాం. దాని గ్లేజులోని పచ్చదనం రాగిది. ఆ పూతను తక్కువ వేడికే కరిగించింది సీసం. తగవంతా ఆ సీసం దగ్గరే.

హాన్‌లకు వెయ్యేళ్లకు పైగా ముందే, షాంగ్ కాలంలో, బూడిద గ్లేజు చైనాలో ఉంది. ఇది తేలాక అవతలివారు ఒకడుగు వెనక్కి వేసి, “సరే, సీసం గ్లేజు మాత్రం రోమన్లది” అన్నారు. ఆసియా మైనర్‌లో అది క్రీ.పూ. 1వ శతాబ్దంలో కనిపిస్తుంది. అయితే 1934లో బెక్, సెలిగ్మన్ ‘నేచర్’ పత్రికలో చైనా పాత గాజులో బేరియం ఉందని చూపారు. సీసం, బేరియం కలిసిన ఈ గాజు పడమటిది కాదు, హాన్‌లకు ముందటి యుద్ధరాజ్యాల కాలానిది. అదే కాలపు కుండ మీది పూతను నైజెల్ వుడ్, ఫ్రీస్టోన్ పరీక్షిస్తే, అక్కడా సీసం, బేరియమే.

“మరి హాన్ గ్లేజులో బేరియం ఏదీ?” అంటారు. దాదాపు లేదు, ఒప్పుకుంటాను. చింతపండు మాని నిమ్మకాయ పిండినంత మాత్రాన పులిహోర పొరుగింటిదవుతుందా? ఇసుకను సీసం కరిగిస్తుందన్న ఎరుక అప్పటికే ఇంట్లో ఉంది. పైగా రోమన్లు ఆ పూత తాగే గిన్నెలకు వేశారు, హాన్‌లు ఎక్కువగా సమాధి పాత్రలకు వేశారు. అరువు తెచ్చినవాడు వాడుకను దారిలో పారేసుకున్నాడా?

ఇక తెర మీది కూజా మూతి చూడండి. కారిన గ్లేజు అంచున బొట్లుగా గడ్డకట్టింది. అంటే బట్టీలో బోర్లించి కాల్చారు. ఆ బొట్టుకు తెలుగులో పేరేమిటి? గ్లేజుకే లేదు. ‘మెరుగు’ అని రాస్తున్నారు. మన కుమ్మరి గులకరాయితో రుద్ది తెచ్చే నునుపూ మెరుగే, కరిగి అంటుకున్న గాజూ మెరుగేనా? నేను ‘గాజుపూత’ అంటున్నాను. చేతికి వేసుకునేదాన్నీ, కిటికీకి బిగించేదాన్నీ ఒకే మాటతో పిలిచే భాషకు ఇది బరువు కాదు.

నేను కూరుస్తున్న కుమ్మరిమాటల కోశంలో ‘ఆవం’ కింద పేజీలు నిండాయి, ‘బోర్లింపు’ కింద ఒకటే చీటీ ఉంది. మీ ఊళ్లో వేరే మాట ఉంటే, టీ బల్ల దగ్గర అట్టపెట్టె పెట్టాను, ఊరి పేరుతో సహా రాసి వేయండి.