గిరి ప్రదక్షిణము – నడచు విధము



ఆషాఢ శుద్ధ చతుర్దశి సమీపించుచున్నది. కొయ్యూరు నుండియు చుట్టుపట్ల పల్లెల నుండియు అనేకులు నర్సీపట్నం మీదుగా సింహాచల గిరి ప్రదక్షిణమునకు బయలుదేరుచున్నారని విని సంతోషించినాము. పోవువారికి నాలుగు మంచిమాటలు చెప్పుమని పెద్దలు కోరినందున మాకు తెలిసినంత మనవి చేయుచున్నాము.

"స్వామి కొండమీద ఉండగా కొండచుట్టు తిరుగుట ఎందుకు? మెట్లెక్కి దర్శించిన చాలదా?" అని కొందరు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దక్షిణము అనగా కుడివైపు. పూజ్యమైనదానిని కుడివైపున ఉంచుకొని నడచుట ప్రదక్షిణము. ఆలయములో గర్భగృహము చుట్టు తిరుగునప్పుడు లోపలి మూర్తికి మ్రొక్కుచున్నాము. గిరి ప్రదక్షిణములో గిరియే మూర్తి. మెట్లెక్కునప్పుడు కొండ మన పాదముల క్రింద ఉండును. ప్రదక్షిణ చేయునప్పుడు మన శిరస్సునకు పైన ఉండును. ఈ భేదమును గ్రహించినవానికి తక్కిన నియమములన్నియు తామే తెలియును.

ఈ ఆచారము మన ఒక్క క్షేత్రమునకు చెందినది కాదు. అరుణాచలము చుట్టు 14 కిలోమీటర్లు, గోవర్ధనము చుట్టు సుమారు 21 కిలోమీటర్లు భక్తులు నడచుచున్నారు. కైలాస పర్వతము చుట్టు దారి సుమారు 52 కిలోమీటర్లు. అందులో డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. చెట్టు మొలవని చోటు అది. రాయి, మంచు, గాలి తప్ప మరేమియు లేదు. అక్కడ హిందువులును బౌద్ధులును కైలాసమును కుడివైపున ఉంచుకొని తిరుగుదురు. బోన్ మతస్థులు ఎడమవైపున ఉంచుకొని తిరుగుదురు. దిక్కు వేరైనను, ఆ శిఖరముపై కాలు మోపుట అపచారమని అందరును తలచుదురు.

మన సింహగిరి అంత ఎత్తైనది కాదు. స్వామి సన్నిధి సముద్రమట్టమునకు సుమారు 800 అడుగుల ఎత్తున ఉన్నది. కాని దీని విశేషము వేరు. ఒక్క ప్రదక్షిణములో కొండయు సముద్రమును రెండును లభించును. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవారు అడవివరము, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ చేరి సముద్రస్నానము చేయుదురు. అచటి నుండి సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నము దాటి మరల తొలిపావంచా చేరుదురు. మొత్తము 32 కిలోమీటర్లు. ప్రహ్లాదుని సముద్రములో పడద్రోసి పైన కొండను మోపబోగా స్వామి దూకివచ్చి రక్షించెనని స్థలపురాణము. ఆ కథలోని కొండను, కడలిని రెంటిని కాలినడకన దర్శించుటయే ఈ ప్రదక్షిణము.

కాలమును కూడ గమనింపుడు. అక్షయ తృతీయ నాడు నిజరూప దర్శనమైన పిమ్మట స్వామికి 3 మణుగుల చందనము సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలలో మరి మూడేసి మణుగులు. ఆషాఢ పూర్ణిమతో 12 మణుగులు నిండును. చతుర్దశి నాడు మనము కొండను చుట్టి వచ్చుసరికి, మరునాడు స్వామి సంపూర్ణ చందన రూపుడగును.

ఈ మన్యపు వారికి కొండను గూర్చి మేము చెప్పవలసినది తక్కువ. సంతకు, చేనికి, చుట్టపుటింటికి కొండ ప్రక్కనే నడచినవారు మీరు. మరియొక సంగతి వినుడు. సింహగిరి రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అందురు. తూర్పు కనుమలలో నివసించు ఖోండు జనుల పేరే ఆ రాతికి పెట్టినారు. ఈ కనుమలలో విస్తారముగ ఉన్న ఆ రాతిమీదనే స్వామి వెలసినాడు. కనుక మీరు పరాయి కొండకు పోవుటలేదు.

ఇక నడచు విధము. నెలలు నిండిన స్త్రీ నిండు నూనెకుండ పట్టుకొని ఎట్లు అడుగు వేయునో అట్లు ప్రదక్షిణ చేయవలెనని పెద్దలు చెప్పినారు. ఇప్పుడు కొందరు యువకులు "మేము ఇన్ని గంటలలో ముగించినాము" అని లెక్క చెప్పుకొనుట వినుచున్నాము. నాయనలారా, గెలుచుటకు అది పందెము కాదు. ముందు నడచు వృద్ధురాలిని త్రోసి పోయినవాడు 32 కిలోమీటర్లు నడచినను ప్రదక్షిణ చేసినవాడు కాడు. ఆమె చేయి పట్టుకొని నాలుగడుగులు నడిపించినవాడు, ఆలస్యముగ చేరినను, పూర్ణఫలము పొందును. స్వామి ప్రహ్లాదుని కొరకు వచ్చినాడు. బలవంతుని కొరకు రాలేదు.

చంటిబిడ్డలను, జబ్బుపడినవారిని మ్రొక్కు పేరిట రాత్రియంతయు నడిపింపకుడు. నడువలేనివారు పూర్ణిమ నాడు కొండమీద ఆలయ ప్రదక్షిణము చేయు ఆచారమున్నది. అది తక్కువది అనుకొనరాదు. శక్తికి మించినదానిని శాస్త్రము ఎవరినుండియు కోరదు. ఆషాఢమున సముద్రము ఉద్ధృతముగ ఉండును. ఒడ్డున నిలిచి తలపై నీరు చల్లుకొన్నను స్నానఫలమే. లోతునకు పోకుడు, ఇంటివద్ద మీ కొరకు ఎదురుచూచువారు ఉన్నారు.

దారిపొడవున పుణ్యాత్ములు మజ్జిగ, పులిహోర, నీరు ఇత్తురు. పుచ్చుకొనుడు. కాని తాగిన గ్లాసును, తిన్న విస్తరిని, ప్లాస్టిక్ సంచిని కొండవైపు విసరకుడు. గిరియే మూర్తి అని ముందే చెప్పుకొన్నాము. గర్భగుడిలో ఎంగిలాకు వేయుదుమా? మరునాటి ఉదయమున ఆ చెత్తను ఎత్తువారు కూడ స్వామి బిడ్డలే.

చివరగా ఒక్క మాట. మీరు తిరిగివచ్చిన పిదప ఈ కొయ్యూరు కొండలును మీ కుడివైపునను ఎడమవైపునను ఉండును. వీటికి మెట్లు లేవు, గోపురము లేదు. అయినను మన ఊటలు వీటినుండియే, మన నీడ వీటినుండియే. సింహగిరికి మ్రొక్కిన చేతితో ఈ కొండకు నిప్పు పెట్టకుడు. పచ్చని చెట్టును నిష్కారణముగ నరుకకుడు. ఏటికి ఒక్కరాత్రి చేసిన ప్రదక్షిణము ఏడాది పొడుగున నిలుచుటకు ఇదియే మార్గము.

స్వామి మీ పాదములకు బలమును, మనస్సునకు నెమ్మదిని ప్రసాదించుగాక.

శ్రీ వరాహలక్ష్మీనృసింహార్పణమస్తు.