బడిపంతులు రహీం సాబ్

(గురుపూజోత్సవం సందర్భంగా మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గురుపూజోత్సవం నాడు మాట్లాడమంటే అందరం సర్వేపల్లి రాధాకృష్ణన్ గారితో మొదలుపెడతాం. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. అందుకని నేను సెప్టెంబరు 5కు ఒక్కరోజు వెనక్కి వెళ్తాను. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టుకు ఆట నేర్పినాయన మన హైదరాబాదువాడు, వృత్తిరీత్యా బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా రహీం సాబ్ అనేది.

2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. మా మనవడు చూసి వచ్చి, "తాతయ్యా, ఈయన నిజంగా మన ఊరాయనేనా?" అని అడిగాడు. సినిమా బాగానే తీశారు, నేను కాదనను. అయితే సినిమా చూసినవారికి ఆయన పెద్ద కోచ్‌గానే గుర్తుంటారు. ఆయనలోని మాస్టారి సంగతి మనం చెబితే తప్ప పిల్లలకు తెలియదని నాకనిపించింది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత కూడా చూశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ముందు మన పోలీసు జవాన్లు నిలబడి గెలిచారంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒకమాట. మనవంటి ఉద్యోగులకు ఇది బాగా అర్థమవుతుంది. అప్పట్లో బంతి తన్నేవాడికి ఇప్పటిలా కోట్లు రావు. పోలీసు జట్టులో చోటు అంటే నెలజీతం, యూనిఫారం, చివర్లో పెన్షను. ఆటను నమ్ముకున్న పేదపిల్లవాడి ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఉద్యోగమే ఆధారం.

ఆయన బోధన ఎలాంటిదో చెబుతాను. కుర్రవాళ్లకు వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. ఇంకోదాంట్లో బంతిని తన దగ్గర అట్టిపెట్టుకుని ఒక్కడే దూసుకుపోవడం నిషేధం, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఎత్తును బట్టి పొట్టి పిల్లలకు వేరే పోటీలు కూడా ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సెక్షన్ సూపరింటెండెంటుగారు ఈ ఎడమకాలి పోటీలో ఆడినవారే. "మొదటి నాలుగు రోజులూ బంతి ఒకవైపు, మేము ఒకవైపు. చూసేవాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. పదిరోజులకు నవ్వు ఆగిపోయింది" అనేవారాయన. లెక్కల్లో వెనకబడినవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి లెక్కే చేయించే మాస్టారి పద్ధతి ఇది. వచ్చిందే మళ్లీ చేయించి మెచ్చుకుంటే పిల్లవాడికి సంతోషమే కాని చదువు రాదు.

తులసీదాస్ బలరాం సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సికింద్రాబాదు అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టిన కుర్రాడు. రహీం సాబ్ కంట పడ్డాడు. అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు రోజూ వచ్చిపోయేందుకు తన దగ్గర డబ్బుల్లేవని చెప్పుకున్నాడు. ఆయన సైకిలు ఏర్పాటు చేశారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కాలం చేశారు.

మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1952లో హెల్సింకీలో ఇదే రహీం సాబ్ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడిందని కూడా చెప్పాలి. మనవాళ్లు చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. పదిగోల్స ఓటమి నుంచి నాలుగో స్థానానికి నాలుగేళ్లు. పరీక్ష తప్పిన తరగతిని వదిలిపెట్టి వెళ్లిపోని మాస్టారు కనుక అది సాధ్యమైంది.

ఇక జకార్తా. అక్కడ తొలి ఆటలోనే కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. దానికి తోడు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని విషయంలో మన ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారని ఊళ్లో మన మీద కోపం రగిలింది. ఫైనల్ ముందురోజు మన రాయబార కార్యాలయం మీదికే జనం వచ్చిపడ్డారు. లక్షమంది దాకా ఉన్న స్టేడియంలో మన జట్టు తరఫున చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని ఆ జట్టువాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఆ ముక్క నాకెప్పుడూ ఇష్టం.

జట్టు చూస్తే ఆసుపత్రి వార్డులా ఉంది. వెనక వరసలో ఆడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు తంగరాజ్, ఆయనా మన హైదరాబాదువాడే, ఫ్లూ జ్వరం నుంచి లేచాడు. రహీం సాబ్ జర్నైల్‌ను ఇంట్లో కూర్చోబెట్టలేదు, వెనక వరసలోనూ పెట్టలేదు. ముందువరసలో గోల్సు కొట్టేచోట నిలబెట్టారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ఏ పిల్లవాడు ఏ పని చెయ్యగలడో అతనికంటే ముందు తెలిసినవాడే మాస్టారు. ముందురోజు రాత్రి ఆయన ఆటగాళ్లను పిలిచి, రేపు నాకొక కానుక ఇవ్వండి, బంగారు పతకం గెలవండి అని అడిగారట.

ఆ కానుక అందుకున్న తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సరుతో కన్నుమూశారు. వయసు 53. 1983లో మన రాష్ట్రంలో 55 ఏళ్లకే ఇంటికి పంపినప్పుడు ఉద్యోగులంతా ఎంత గగ్గోలు పెట్టామో గుర్తుందిగా! ఆ 55 కూడా ఆయనకు రాలేదు. నేనప్పుడు బళ్లో చదువుతున్నాను. మా వీధిలో పెద్దవాళ్లు రెండు మూడు రోజులు అదే మాట్లాడుకోవడం లీలగా గుర్తు.

ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ తర్వాత దేశంలో పేరున్న కోచ్ అయ్యారు. మన ఊరి నయీముద్దీన్ నాయకత్వంలో 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్ బంగారం మాత్రం 1962 తర్వాత మళ్లీ రాలేదు. రహీం సాబ్ కుమారుడు హకీం సాబ్ కూడా 1960 రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నవారే, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2021 ఆగస్టులో ఆయనా వెళ్లిపోయారు. ఆ తరాన్ని కళ్లతో చూసినవారు ఇక వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

కాబట్టి నాదొక విన్నపం. మీలో పాతబస్తీ, కాచిగూడ, చాదర్‌ఘాట్, సికింద్రాబాదు వైపు వారున్నారు. మీ నాన్నగారో అన్నగారో ఆయన దగ్గర చదువుకునో, ఆడో ఉండవచ్చు. ఇంట్లో అటకమీద పాత గ్రూపు ఫోటో ఉంటే, వెనక పేర్లు రాసి ఉంటే మరీ మంచిది, పాతకాగితాలవాడికి తూకం వెయ్యకముందే మన కార్యదర్శిగారికి ఒక కాపీ ఇవ్వండి. ఫోటో లేకపోయినా ఫర్వాలేదు, గుర్తున్నది ఒక కాగితం మీద రాసివ్వండి. చెయ్యి వణికేవారుంటే మనవలకు చెప్పి రాయించండి. వచ్చే సంచికలో వేద్దామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు.