గేరు దించితే పరువు తగ్గదు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను వంటల గురించి గానీ, ఊరగాయల గురించి గానీ చెప్పబోవడం లేదు. గేర్ల సైకిలు గురించి చెబుతాను. "ఈవిడకు సైకిళ్ళ గొడవ ఎందుకమ్మా" అని రేడియో కట్టేయకండి. మీ ఇంట్లో కూడా అబ్బాయో అమ్మాయో రోడ్డు సైకిలు కొనమని పేచీ పెడుతూనే ఉండి ఉంటారు. డబ్బిచ్చేది మనమైనప్పుడు, దేనికిస్తున్నామో తెలుసుకోవద్దూ?

మాది తాడేపల్లి. బెజవాడకు ఎదురుగా, కృష్ణకు ఇవతలి ఒడ్డు. మా పెద్దమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది, వంగిన హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్న సైకిలు కావాలంది. చీటీ డబ్బు చేతికి రాగానే ఒక దుకాణానికి వెళ్ళాం. చూపించిన సైకిలుకు ముందు రెండు పళ్ళ చక్రాలు - ఒకటి 52 పళ్ళది, ఒకటి 42 పళ్ళది. వెనుక 12 పళ్ళ నుంచి 25 పళ్ళ దాకా ఓ గుత్తి. "అసలైన రేసు బండి మేడమ్. ముందు పళ్ళు ఎంత ఎక్కువుంటే అంత స్పీడు" అన్నాడు దుకాణదారు. మా వారు తలూపారు. నేనూ ఊపాను.

ప్రకాశం బ్యారేజి మీద పిల్ల గాలిలా పోయేది. అది బల్లపరుపు రోడ్డు గదా! ఒక ఆదివారం మంగళగిరి పానకాలస్వామి కొండకు ఘాట్ రోడ్డున బయల్దేరింది. సగం కూడా ఎక్కకముందే పెడలు కదలనంది. దిగి నెట్టుకుంటూ వెనక్కి వచ్చేసింది. ఇంటికొచ్చి మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, "అమ్మా, ఆడపిల్లల కాళ్ళకు అంత బలం ఉండదేమో" అంది.

డబ్బు పోయినందుకు నేను అంత బాధపడలేదు గానీ, ఆ మాట మాత్రం గుచ్చుకుంది. రెండు నెలలు ఆ సైకిలు వరండాలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

చివరకు మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే పెద్దాయనను పిలిచాను. ఆయన చాక్‌పీసుతో ఒక పన్ను మీద గుర్తుపెట్టి, అన్నీ లెక్కపెట్టి, "లోపం అమ్మాయి కాళ్ళలో లేదమ్మా, ఈ పళ్ళలో ఉంది" అన్నారు.

అదెలాగో చెబుతాను. మన తొక్కుడు కుట్టుమిషను చూడండి. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం. కిందిది ఒక్క చుట్టు తిరిగేసరికి పైది మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. సైకిలూ అంతే. ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగిస్తే, ఒకసారి తొక్కినందుకు వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరిగేదీ వస్తుంది. రోడ్డు సైకిలు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది.

మా అమ్మాయి సైకిలులో అన్నిటికంటే తేలిక గేరు - ముందు 42, వెనుక 25. అంటే ఒక్క తొక్కుడుకు మూడున్నర మీటర్లు. నిమిషానికి 80 చుట్లు హాయిగా తొక్కాలంటే, ఆ గేరులో గంటకు 17 కిలోమీటర్ల వేగం ఉండాలి. కొండ మీద అది పందేలకు పోయేవాళ్ళకు చెల్లుతుంది గానీ, కొత్తగా నేర్చుకునే పిల్లకు చెల్లుతుందా? అదే ముందు 34, వెనుక 32 ఉంటే, ఒక్క తొక్కుడుకు రెండుంబావు మీటర్లే. గంటకు పదకొండు కిలోమీటర్లతో అదే తీరుగా తొక్కవచ్చు. కొండ ఎత్తు తగ్గదు. మెట్టు ఎత్తు తగ్గుతుంది. గుడిమెట్లు రెండేసి చొప్పున ఎక్కితే మోకాళ్ళు ఏమవుతాయో మీకు వేరే చెప్పాలా?

గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలతో పోయే లారీని చూడండి. వంతెన ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు దించుతాడు. అది లారీకి అవమానమని ఎవరైనా అంటారా?

మనుషుల విషయంలో మాత్రం అన్నారు సుమండీ! 1902లో ఫ్రాన్సులో టూరింగ్ క్లబ్బు వారు తుర్మాలే కనుమ మీదుగా ఒక పోటీ పెట్టారు. మార్త్ ఎస్ అనే మహిళ మూడు గేర్ల సైకిలు మీద ఎక్కడా కాలు నేల మోపకుండా ఎక్కి, ఒకే గేరు సైకిలు తొక్కిన ఛాంపియన్‌ను ఓడించింది. అది చూసి కూడా, మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ పందెం ప్రారంభించిన అన్రీ దెగ్రాంజ్, గేర్లు నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళకేనని తేల్చేశాడు. ఆ పందెంలో ఇప్పటి తరహా గొలుసు మార్చే గేర్లకు అనుమతి వచ్చింది 1937లో! నాకిప్పుడు నలభై ఆరు. ఆయన లెక్కన నాకు అర్హత వచ్చినట్టే.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదటిది, "ఎన్ని గేర్లు?" అని అడగకండి. 21 గేర్లంటారు గానీ అందులో కొన్ని ఒకటే. ముందు 50 వెనుక 25 పెట్టినా, ముందు 34 వెనుక 17 పెట్టినా ఫలితం ఒకటే గదా. "ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనుక పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు?" అని అడగండి. కొత్తవాళ్ళకు ముందు 50, 34 జోడీ, వెనుక 32 గానీ 34 గానీ ఉంటే మంచిది. అందులోనూ 50కి 11 పెడితే ఒక్క తొక్కుడుకు తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది. బ్యారేజి మీద అంతకంటే ఏం కావాలి?

రెండవది, ఇప్పటికే కొన్న సైకిలు గట్టిగా ఉంటే పారేయనక్కర్లేదు. వెనుక గుత్తి మార్చవచ్చు. అయితే గొలుసును పక్కకు జరిపే డీరైలర్ అంత పెద్ద చక్రాన్ని అందుకోగలదో లేదో ముందే అడగాలి. ఒక్కోసారి దాన్నీ, గొలుసునూ కూడా మార్చాల్సి వస్తుంది.

మూడవది వాడకం. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలయ్యేముందే గేరు దించాలి. బలంగా తొక్కుతూ మారిస్తే గొలుసు జారుతుంది. ముందు పెద్ద చక్రం, వెనుక కూడా పెద్ద చక్రం ఒకేసారి వాడితే గొలుసు అడ్డంగా సాగి త్వరగా అరుగుతుంది.

మేము వెనుక గుత్తి 32 పళ్ళ దాకా ఉన్నది వేయించాం. డీరైలరూ గొలుసూ కూడా మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చుకు నేను కొంచెం గొణిగిన మాట నిజమే. మూడో ఆదివారం పిల్ల మళ్ళీ మంగళగిరి వెళ్ళింది. మధ్యలో ఒక్కచోట ఆగి మంచినీళ్ళు తాగిందట. తొక్కుకుంటూనే పైకి చేరింది. పానకం సీసాతో ఇంటికొచ్చి, "అమ్మా, అవే కాళ్ళు!" అంది.

అవే కాళ్ళు. మన పిల్లలు "మా వల్ల కాదు" అన్నప్పుడు, ముందు వాళ్ళ చేతికి మనమిచ్చిన పనిముట్టును ఒకసారి చూద్దాం. పళ్ళు లెక్కపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు.