ఇంగ్లీషు నేర్పు బాధ్యత ఎవరిది?

(మద్నూర్ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



మీ మద్నూర్ భాషల కూడలి. సలాబత్‌పూర్ దాటిన మహారాష్ట్రము. కన్నడసీమయు దూరము కాదు. తెలుగున బేరమాడి, మరాఠీలో బంధువులను పలుకరించి, ఉర్దూలో లెక్క తేల్చుకొనువారు ఇచ్చట అరుదు కాదు. ఇట్టి చోట పెరిగిన బిడ్డలకు మరియొక భాష అలవడదని ఎవ్వరును అనజాలరు. అయినను తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి బిచ్కుందలోనో, బాన్సువాడలోనో డిగ్రీలో చేరి ఇంగ్లీషు పాఠ్యగ్రంథము తెరచినపుడు తడబడుచున్నాడు. కొందరు చదువు మానుకొని ఇంటికి మరలుచున్నారు. వారికి తెలివి చాలక కాదు. శాస్త్రము చెప్పిన భాష అందక.

ఒక్క మాట చూడుడు. 'సొల్యూషన్' అనగా గణితమున సాధన, రసాయన శాస్త్రమున ద్రావణము. 'ఇంటరెస్టు' వాడుకలో ఆసక్తి, వాణిజ్యమున వడ్డీ. 'కల్చర్' చరిత్రలో సంస్కృతి, సూక్ష్మజీవ శాస్త్రమున సూక్ష్మజీవుల పెంపకము. ఇన్ని శాస్త్రముల మాటలను ఇంగ్లీషు అధ్యాపకుడు ఒక్కడే నేర్పజాలడు. ఏ శాస్త్రము బోధించువారు ఆ శాస్త్రపు భాషను గూడ బోధింపవలెను. 1975లో ఇంగ్లండున బుల్లక్ సంఘము తన నివేదికలో పాఠశాలలను గూర్చి ఈ మాటయే చెప్పినది. ఇంగ్లీషే మాతృభాషయైన దేశమునకు ఇది అవసరమైనచో, మన బిడ్డలకు ఎంత అవసరమో ఆలోచింపుడు.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమ విశ్వవిద్యాలయముగా స్థాపింపబడెను. దాని కొరకు 1917లోనే అనువాద సంస్థ నెలకొల్పబడి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. అయినను ఇంగ్లీషును అచ్చట నిర్బంధ పాఠ్యాంశముగా ఉంచిరి. 1948 తరువాత బోధన ఇంగ్లీషునకు మారినది. ఇంగ్లీషు బోధించువారికి శిక్షణ నిచ్చుటకు 1958లో హైదరాబాదున కేంద్ర సంస్థ ఏర్పడినది; అదియే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయము. తెలుగున ఉన్నత విద్యాగ్రంథములు తెచ్చుటకు 1968లో తెలుగు అకాడమి వెలసినది. స్వభాషలో అర్థము చేసికొనుట, ఇంగ్లీషున చదువగలుగుట—రెండును కావలెనని ఈ చరిత్ర చెప్పుచున్నది.

కావున తెలుగు పుస్తకమును పారవేయవలదు. తలపై ధాన్యపు మూటతో కదలక నిలిచినవాడు అలసిపోవును. కాని భౌతికశాస్త్రము ప్రకారము ఆ మూటపై అతడు 'పని' చేయుట లేదు. ఈ సంగతి తెలుగున చక్కగా గ్రహించిన విద్యార్థికి 'వర్క్' అను పేరు నేర్చుట ఒక్క పూట శ్రమ. తెలియని శాస్త్రమును తెలియని భాషలో బట్టీ పట్టినవానికి రెండును దక్కవు.

సభ్యులారా! ఇందులో పంచాయతీకి ఏమి పని యని మీరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదునొకండవ షెడ్యూలులో పాఠశాలలు, సాంకేతిక శిక్షణ, వయోజన విద్యతో పాటు గ్రంథాలయములు గూడ ఉన్నవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును గూడ ప్రజలు చెల్లించుచున్నారు. దాని ఫలము గ్రామ విద్యార్థికి అందుచున్నదా యని విచారించుట మీ హక్కు, మీ ధర్మము.

మీరు చేయదగినవి కొన్ని మనవి చేసెదను. గ్రామమున ఒక గదిలో సాయంకాలము దీపము, బల్ల, మంచి నిఘంటువు ఉండునట్లు చూడుడు. డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలలోను ప్రక్కప్రక్కన ఉంచుడు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయమున గాని, ఇతర కళాశాలలలో గాని చదువుచున్న మీ గ్రామ యువకులను, యువతులను సెలవులలో పిలిచి, వాణిజ్యమువారు వాణిజ్యమువారికి, విజ్ఞానమువారు విజ్ఞానమువారికి ఒక్కొక్క పాఠము చదివి చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. ఆడపిల్లలు నిస్సంకోచముగా వచ్చిపోవుటకు వీలగు వేళను నిర్ణయింపుడు. తప్పుగా మాటాడినవానిని నవ్వకుడు. నవ్వినచో వాడు మరల నోరు విప్పడు.

దీనికి గొప్ప ధనము అక్కరలేదు. వచ్చు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, చదువు మధ్యలో మానిన విద్యార్థులెవరో, ఏ పాఠ్యాంశమున ఆగిపోయిరో ఒక పట్టిక వ్రాయించుడు. పని అచ్చట ప్రారంభము కాగలదు.